ఎవరిదో పది నంబరు స్పానరు

రాత్రి పదకొండయింది. శనగపిండితో ఒకసారి, గిన్నెలు తోమే పీచుతో ఇంకోసారి రుద్దినా గోళ్ళ మూలల్లో గ్రీజు వదల్లేదు. పడుకుని, అటూ ఇటూ దొర్లి, లేచి వచ్చేశాను. టీవీ పక్కన పాత రుమాల్లో చుట్టి పెట్టిన స్పానరు ఒకటుంది. అదే నన్ను పడుకోనివ్వడం లేదు.

పొద్దున్న కారు కదల్లేదు. తాళం తిప్పితే టక్ టక్‌మని ఊరుకుంది. బానెట్ ఎత్తితే బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పేరుకుపోయి ఉంది. ఈ పని నాకు కొత్త కాదు, మీకు తెలుసు. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి వదిలిపోతుంది. తుడిచి, ఆరనిచ్చి, బిగించి, పైన కాస్త వాజిలిన్ రాస్తే సరి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. కారు బాడీ అంతా మైనస్సే గనక, అది విప్పకుండా ప్లస్ నట్టు తిప్పుతుంటే స్పానరు పక్క రేకుకి తగిలిందా, నిప్పులే. నాన్న నేర్పిన మొదటి పాఠం అది.

అంతా అయిపోయింది. ఆఖరి నట్టు, ఆఖరి చుట్టు. వాజిలిన్ చేతిలోంచి పది నంబరు స్పానరు జారింది. టంగ్. టంగ్. అంతే. మూడో చప్పుడు లేదు. నేల మీద పడ్డ చప్పుడు అసలే లేదు.

ఈయన గుమ్మంలోంచే "పోతే పోయిందిలే, వంద రూపాయలు పారేస్తే కొత్తది వస్తుంది" అన్నారు. ఆ మాట మీద నాకు సాయంత్రం దాకా కోపం తగ్గలేదు. ఆ స్పానరు నాన్న పెట్టెలోది. పెట్టె సంగతి ఇదివరకే రాశాను, మళ్ళీ రాయను. నాన్నది కాకపోయినా సరే, పోయింది అని ఎలా అంటారు? బజార్లో పడిపోతే పోయినట్టు. ఇది ఇక్కడే, నా కళ్ళెదుట మూరెడు లోతులో ఉంది. కనబడడం లేదంతే. కనబడనిదాన్నల్లా పోయిందనుకునే అలవాటు ఈ ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. కళ్ళజోడు దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా అంతే, వెతికేది మాత్రం నేను.

బుజ్జిగాడు ఇంకో సలహా ఇచ్చాడు. స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పితే అదే కిందపడుతుందిట. తాళాలు లాక్కుని బొడ్లో దోపుకున్నాను. లోపల ఇనప ముక్క వదులుగా ఉండగా ఇంజన్ తిప్పకూడదు. బెల్టులో పడితే బెల్టు పోతుంది, ఫ్యాన్లో పడితే రెక్కలు విరిగి రేడియేటర్లో దిగుతాయి.

గోనెసంచి పరుచుకుని కింద పడుకున్నాను. వాడు పైనుంచి చూస్తూ ఉంటే నేను కిందనుంచి ఫోన్ లైటు వేశాను, తర్వాత నేను పైకీ వాడు కిందకీ మారాం. లాభం లేకపోయింది. అప్పుడు నాన్న చేసే పని గుర్తొచ్చింది. అలాంటిదే ఇంకో చిన్న స్పానరు తీసుకుని, పూలు కట్టే దారం గట్టిగా ముడేసి, మొదటిది ఎక్కడ జారిందో సరిగ్గా అక్కడే వదిలాను. టంగ్, టంగ్. దారం బ్యాటరీ ట్రే వెనక్కి వెళ్ళి, పైపుల సందులోంచి గేర్‌బాక్సు మీదకి దిగింది. పోయినదాని దారి దొరికింది.

పక్కింటి మాస్టారి దగ్గర రేడియో ఏరియల్లా సాగే పుల్ల చివర అయస్కాంతం ఉన్నది ఒకటుంది. అది తెచ్చాడు బుజ్జి. తెచ్చాం గాని, దారిలో ప్రతి బ్రాకెట్టుకీ, ప్రతి బోల్టుకీ టక్కున అతుక్కుపోతుంది. పాత పెన్ను గొట్టం కోసి దానికి తొడిగాను. పక్కలు మూసుకుపోయి, మొన ఒక్కటే పట్టడం మొదలుపెట్టింది. గేర్‌బాక్సు అల్యూమినియం గనక అక్కడ అతుక్కునే భయం లేదు.

పుల్లని అలా మెల్లిగా దింపుతుంటే గరివిడి దగ్గర అమ్మమ్మ వాళ్ళ నుయ్యి గుర్తొచ్చింది. చేద తెగి నూతిలో పడితే ఊళ్ళో ఒక్కరింట్లోనే పాతాళగరిగె ఉండేది. ఇనప కమ్మీకి చుట్టూ కొక్కేలు, కొక్కేలకి మళ్ళీ కొక్కేలు. ఊరికే ఇచ్చేవారు కాదు. ఇత్తడి చెంబో, బిందో అక్కడ పెట్టి తెచ్చుకోవాలి, గరిగె తిరిగిచ్చి మన చెంబు మనం పట్టుకెళ్ళాలి. చెంబు మోసేది నేనే. తాతయ్య గరిగెకి చేంతాడు కట్టి దింపేవాడు. లోపలికి తొంగి చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని తాడుని రెండువేళ్ళతో పట్టుకుని నిలబడేవాడు. "మాటాడకండర్రా, అది సెప్తంది" అనేవాడు. మేం పిల్లలం ఊపిరి బిగబట్టేవాళ్ళం. తాడు బురదలో తిరిగితే ఒకలా, రాయికి తగిలితే ఒకలా, కంచు తగిలితే ఇంకోలా ఉంటుందిట. నాకూ ఒకసారి పట్టుకోనిచ్చాడు గాని నాకేమీ తెలియలేదు, చలిగా ఉందంతే. పడిన చేద ఒక పట్టాన వచ్చేది కాదు. ముందు వచ్చేవన్నీ ఎవరెవరివో. నల్లబడిన మరచెంబు, పిడి లేని గరిటె, పసుప్పచ్చ ప్లాస్టిక్ మగ్గు. వాటిని మాత్రం తాతయ్య ఇంట్లోకి తీసుకెళ్ళనిచ్చేవాడు కాదు. కడిగి నూతి గట్టు మీద వరసగా పెట్టించేవాడు. నీళ్ళకొచ్చిన వాళ్ళు చూసి, తమది గుర్తుపట్టి, నవ్వుకుంటూ తీసుకెళ్ళేవాళ్ళు. మరచెంబు మాత్రం దసరా సెలవులు అయ్యేదాకా అక్కడే ఉండిపోయింది.

సరే. పుల్ల చివర బరువు తగిలింది. మెల్లిగా లాగాను. పది నంబరు స్పానరే. నాది కాదు. పిడి మీద నీలం పెయింటు చార ఉంది.

వెనక్కి ఒరిగిపోయాను. నాన్నది ఆ తర్వాత రెండు నిమిషాల్లో వచ్చేసింది, దాని గురించి రాయడానికేమీ లేదు.

నీలం చార మా కారు సర్వీసుకిచ్చిన షెడ్డుది. వాళ్ళ స్పానర్లన్నిటికీ ఉంటుంది. నెలరోజులుగా గతుకుల్లో టిక్ టిక్‌మంటోందని నేను మొత్తుకుంటున్నది దీని గురించే. క్లచ్ కేబుల్ కదిలే చోటికి జానెడు దూరంలో పడి ఉంది. ఘాట్ రోడ్డు మీద క్లచ్ పట్టేస్తే? ఫోన్ తీసి షెడ్డుకి కలిపాను, కడిగేద్దామనే. రెండు రింగులయ్యాక పెట్టేశాను. ఎందుకంటే ఆ రోజు గుర్తొచ్చింది.

మహర్నవమికి రెండు రోజుల ముందు. ఆయుధపూజకి సామాన్లన్నీ కడిగి సర్దుతున్నారు. "పది నంబరు ఏదిరా? ఎక్కడెట్టీసినావు?" అని మేస్త్రి కేకలు. కుర్రాడు "నాను తియ్యలేదు మేస్త్రీ" అంటున్నాడు. జేబులు తిరగేయించాడు. అగ్గిపెట్టె, పది రూపాయల నోటు, బస్సు టిక్కెట్టు పడ్డాయి. వీపు మీద ఒకటి వేశాడు. జీతంలో కోస్తానన్నాడు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. తలెత్తాను, దించేశాను. ఆ రోజు ఇంటికొచ్చి విజయనగరం పైడితల్లమ్మ పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను చూడ్డానికి మూడు లాంతర్ల సెంటరు దగ్గర ఏ మేడ మీదకి వెళ్ళాలా అని ఇక్కడ పెద్ద టపా రాశాను. ఈ సంగతి ఒక్క ముక్క రాయలేదు.

ముందు అనుకున్నది, మాట్లాడకుండా ఇచ్చేసి వద్దామని. తర్వాత భయం వేసింది. ఇస్తే, చూశావా నువ్వే మర్చిపోయావని వాడిని మళ్ళీ కొడతాడేమో. ఇవ్వకపోతే వాడు దొంగగానే మిగులుతాడు. ఇలా ఒక గంట పోయింది. అప్పుడు కూర్చుని ఒక్కొక్కటీ గుర్తుచేసుకున్నాను. కుర్రాడు మొదట్నుంచీ కారు కిందే ఉన్నాడు, ఆయిల్ దింపుతూ. పైన ఎయిర్ ఫిల్టర్ విప్పింది, బ్యాటరీ వైపు ఒంగి పనిచేసింది మేస్త్రే.

అయినా మేస్త్రి మీద కూడా ఇప్పుడు పొద్దుటంత కోపం లేదు. చేతిలోంచి జారడం నాకూ జరిగింది, ఇవాళే. అది తప్పు కాదు. వెతక్కుండా జేబులు తిరగేయించడం తప్పు. చూసి నేను తల దించుకోవడమూ అంతే. పిలిచి పక్కకి తీసుకెళ్ళి చెప్తే చాలదు. అందరి ముందూ పోయిన మాట అందరి ముందే తిరిగి రావాలి.

రేపు ఆదివారం, ఒంటిపూటే తీస్తారు. తొమ్మిదింటికి షట్టర్ ఎత్తి కుర్రాడు ఊడుస్తుంటాడు, మేస్త్రి టీ తాగుతుంటాడు. మిగతా ఇద్దరూ వచ్చేదాకా ఆగి ఇస్తాను. బ్యాటరీ వెనకాల దొరికిందని, ఆ రోజు అక్కడ పనిచేసింది మీరేనని చెప్తాను. షెడ్డులో మిగతా స్పానర్లకి పసుపు మరకలు ఇంకా ఉండే ఉంటాయి. దీనికి లేవు.

చెప్పడం మర్చిపోయాను, కారు ఒక్క తిప్పుకే అందుకుంది. సాయంత్రం గంటస్తంభం దాకా వెళ్ళొచ్చాం. గతుకుల్లో ఆ టిక్కు లేదు.