నాన్నకు అరవై నిండాయని నిరూపించడానికి పట్టిన 16 నెలలు

మా నాన్న గుంటూరులో హమాలీ. ముప్పై ఏళ్లకు పైగా మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోశాడు. ఒక్కో టిక్కీ నలభై కిలోలకు పైనే ఉంటుంది, సీజన్‌లో రోజుకు ఎన్ని మోసేవాడో ఆయనే లెక్క పెట్టుకునేవాడు కాదు. 2022 సెప్టెంబరులో ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర లారీకి వేసిన చెక్క మీద నుంచి జారి పడ్డాడు. తుంటి విరగలేదు కానీ నడుము పట్టేసింది, ఇక బరువు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మోకాళ్లు అయితే అంతకు అయిదారేళ్ల ముందే పోయాయి, మాత్రలు వేసుకుంటూ నెట్టుకొచ్చాడు.

వృద్ధాప్య పెన్షన్‌కు అప్లై చేద్దామని వార్డు సచివాలయానికి వెళితే ఆధార్ నంబరు కొట్టగానే కుదరదన్నారు. ఆధార్‌లో పుట్టిన తేదీ 1-1-1966. అంటే 56 ఏళ్లు, ఇంకా నాలుగేళ్లు ఆగాలి. నాన్న పక్కనే కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, చూసినవాళ్లు ఎవరైనా డెబ్బై అంటారు. అక్కడున్న అమ్మాయికీ ఆ సంగతి కనిపిస్తూనే ఉంది, కానీ కంప్యూటర్ ఒప్పుకోదు కదా అంది. తన తప్పు లేదు.

ఈ 1966 ఎక్కడి నుంచి వచ్చిందని నాన్నను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. 2011లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు కాగితాలేమీ లేవు, వయసెంత అని అడిగారు, నలభై అయిదు అని తనే చెప్పాడట. నిజానికి అప్పటికి యాభై దాటాయి. యాభై దాటినవాడని తెలిస్తే ముఠాలో, అంటే కలిసి మూటలు మోసే జట్టులో, పని తగ్గించేస్తారని హమాలీలందరూ వయసు తగ్గించి చెప్పడం అలవాటు. ముసలివాడివి అనిపించుకుంటే కూలి పోతుందని దాచుకున్న వయసు, పదేళ్లు తిరిగేసరికి పెన్షన్‌కు అడ్డం పడింది. తేదీ జనవరి 1 అని ఉన్న ఆధార్ కార్డులు ఎన్ని ఉన్నాయో మీ చుట్టుపక్కల ఒకసారి చూడండి, చాలావరకు ఇలా నోటి మాట మీద రాసినవే.

సరే, మార్పించాలి. ఓటరు కార్డు చాలదా అనుకున్నాను. 1995లో ఇచ్చిన పాత కార్డు అమ్మ ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది, అందులో 1-1-1995 నాటికి వయసు 34 అని స్పష్టంగా ఉంది. ఆధార్ సెంటర్‌లో చూసి తిప్పి ఇచ్చేశారు. పుట్టిన తేదీకి ఓటరు కార్డు రుజువు కాదు, బర్త్ సర్టిఫికెట్ గానీ పదో తరగతి మార్కుల మెమో గానీ పాస్‌పోర్టు గానీ కావాలన్నారు. పైగా పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే, తప్పు పడితే మళ్లీ చాలా తిరగాలని హెచ్చరించారు. రెండో తరగతి చదివిన హమాలీకి మెమో, పాస్‌పోర్టు ఎక్కడివి? మిగిలింది బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే.

నాన్నది దివిసీమ. 1977 నవంబరు 19 శనివారం ఉప్పెనలో ఇల్లు, గొడ్లు, ఇద్దరు తమ్ముళ్లు పోయాక బతకడానికి గుంటూరు వచ్చినవాడు. అక్టోబరులో నేను సెలవు పెట్టి ఆయన్ను బస్సులో ఊరికి తీసుకెళ్లాను. బడిలో పాత రిజిస్టర్లు ఏమైనా ఉన్నాయేమోనని ఆశ. హెడ్‌మాస్టరు మంచి మనిషి, బీరువాలో కట్టలన్నీ దింపి మాతో పాటే కూర్చుని వెతికారు. ఉన్న వాటిలో అన్నిటికంటే పాతది 1978. దానికి ముందువి నీళ్లు తీసుకెళ్లాయి. నాన్న ఆ మొదటి పేజీ మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు, తనతో చదివినవాళ్ల తమ్ముళ్ల పేర్లు అందులో ఉన్నాయట.

మా మేనత్త ఆ ఊళ్లోనే ఉంది, నాన్న కంటే ఎనిమిదేళ్లు పెద్దది. "వాడు పుట్టింది నాగుల చవితి నాడమ్మా, అమ్మ పుట్టలో పాలు పోయడానికి వెళ్లకుండానే నొప్పులొచ్చాయి. ఉప్పెనొచ్చిన ఏడు చవితికి వాడికి పదిహేడు నిండాయి, ఆ వారంలోనే కదా అంతా పోయింది" అంది. పంచాంగం చూసి లెక్క కట్టించుకుంటే 1960 అక్టోబరు తేలింది. ఓటరు కార్డులో 34 కూడా దానికి సరిగ్గా సరిపోయింది! మనసులో ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఇక కాగితాల పని. ఇలాంటి అవసరం ఉన్నవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. పుట్టిన ఊరి పంచాయతీలో ముందు ఆ పుట్టుక రిజిస్టరులో నమోదు కాలేదని సర్టిఫికెట్ తీసుకోవాలి. దాంతో పాటు నోటరీ అఫిడవిట్, ఊళ్లో ఇద్దరు పెద్దల సాక్ష్యం, ఉన్న గుర్తింపు కార్డులన్నీ జత చేసి ఆలస్యపు నమోదుకు దరఖాస్తు పెట్టాలి. అది తహసీల్దారు ఆఫీసుకు వెళుతుంది, వీఆర్వో ఊళ్లో విచారిస్తాడు, ఆ రిపోర్టు మీద ఆర్డీవో ఆర్డరు ఇస్తే అప్పుడు పంచాయతీలో నమోదు చేసి సర్టిఫికెట్ ఇస్తారు. చెప్పడానికి నాలుగు మాటలే, మాకు అయిదు నెలలు పట్టింది. ఒకసారి ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదన్నారు, ఒకసారి విచారణకు వస్తామని చెప్పిన రోజున రాలేదు, పాపం మా అత్త పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అన్నం తినకుండా అరుగు మీద కూర్చుంది. 2023 మార్చిలో సర్టిఫికెట్ చేతికొచ్చింది, చూస్తే ఇంటిపేరులో ఒక అక్షరం తేడా. ఆధార్ వాళ్లు చెప్పిన ఒక్కసారి మాట గుర్తుంది కాబట్టి అలాగే ఇవ్వకుండా మళ్లీ వెళ్లి సరిచేయించాను. మీరూ సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి ప్రతి అక్షరం ఆధార్‌తో పోల్చి చూసుకోండి.

మేలో ఆధార్ మారింది. జూన్‌లో పెన్షన్‌కు పెట్టాం. వయసు ఈమధ్యనే మారింది కాబట్టి అనుమానంతో ఆధార్ పాత వివరాల కాగితం తెమ్మన్నారు, దొంగ వయసులతో పెన్షన్లు తీసుకునేవాళ్లు ఉన్నారట. ఉంటారు, కాదనను. కానీ ఆ మాట విన్నప్పుడు నాన్న ముఖం చూడలేకపోయాను. "పోనీలేమ్మా, వదిలేద్దాం" అన్నాడు. కొత్త పెన్షన్ల జులై విడతలో నాన్నది రాలేదు.

ఆ రోజుల్లో నన్ను బాగా కుదిపేసిన విషయం ఇంకొకటి. 2022 జనవరి నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62 చేశారు. మంచిదే, కూర్చుని చేసే పని 62 దాకా చేయగలరు, ఆ తర్వాత వాళ్లకు రావాల్సినవి ఉంటాయి. మూట మోసేవాడి ఒళ్లు యాభై అయిదుకే అయిపోతుంది. వృద్ధాప్య పెన్షన్ వయసును 2019లో 65 నుంచి 60కి తగ్గించడం నిజంగా పెద్ద మేలు, తెలంగాణలో అయితే 57 చేశారు. అయినా అరవైకి ముందే పని పోయినవాడు ఆ మధ్య ఏళ్లు ఏం తిని బతకాలి? మా ఇంట్లో ఆ సమాధానం అమ్మ. రోజంతా మిరపకాయల తొడిమలు తీసి, రాత్రి మంట పుట్టే చేతులను నీళ్ల బకెట్‌లో పెట్టుకుని కూర్చునేది. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్ వాటా చూస్తే 80 ఏళ్ల లోపు వాళ్లకు నెలకు 200 రూపాయలు, పదిహేనేళ్లు దాటినా అది కదలలేదు. మిగతాదంతా రాష్ట్రం వేసుకుంటేనే.

2024 జనవరిలో మొదటి పెన్షన్ వచ్చింది, 3,000. వాలంటీరు ఇంటికొచ్చి వేలు పెట్టమంటే నాన్న వేలిముద్ర పడలేదు. కొక్కేలు, గోనె సంచులు పట్టీ పట్టీ వేళ్ల మీద గీతలే లేవు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేళ్లు అన్నీ అయ్యాయి, కొబ్బరినూనె రాసి చూశాం, తుడిచి చూశాం. చివరికి కన్ను చూపిస్తే పడింది. డబ్బు చేతిలో పడ్డాక మూడు సార్లు లెక్కపెట్టి అమ్మకిచ్చాడు.

ఏప్రిల్‌లో ఎన్నికల వల్ల వాలంటీర్లతో పంచవద్దన్నారు, సచివాలయం దగ్గర ఎండలో లైను. మేలో బ్యాంకులో వేశారు, ఎప్పుడో తెరిచి వాడకుండా వదిలేసిన అకౌంటు పనిచేయక నాన్న రెండు రోజులు తిరిగాడు. నడవలేనివాళ్లకు ఇంటి గుమ్మం దగ్గర ఇవ్వడమంటే ఎంత సాయమో ఆ రెండు నెలల్లో బాగా తెలిసొచ్చింది. జులై 1న పొద్దున్నే సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి 7,000 ఇచ్చాడు, పెంచిన పెన్షన్ 4,000, ఏప్రిల్ నుంచి నెలకు వెయ్యి చొప్పున మూడు నెలల పెంపు బకాయి 3,000. ఆ నెలలోనే కంటి పరీక్ష చేయించాం.

ఇప్పుడు నాన్న ముఠాలోని ఇద్దరు బాబాయిలు తమ కార్డులు నా దగ్గర పెట్టి వెళ్లారు. ఇద్దరివీ జనవరి 1 తేదీలే. ఒకాయనది ప్రకాశం జిల్లా, ఆయన చదివిన బడి రిజిస్టరు ఇంకా ఉందట. వచ్చే సోమవారం సెలవు పెట్టాను.