పాత సర్వర్ నుంచి కొత్తదానికి: పర్మిషన్లతో నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా ఆర్కిటెక్ట్ ఆఫీసు చిన్నదే. డ్రాయింగులు, బిల్లులు, జీతాల లెక్కలు అన్నీ ఒకే ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) సర్వర్‌లో ఉంటాయి. అది పాతబడిందని మా సారు కొత్త మిషన్ కొని, డేటా మార్చే పని నాకు అప్పగించారు. రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాం ఎక్స్‌టర్నల్ డిస్కులోకి బ్యాకప్ తీస్తుంది. ఆ డిస్కు నుంచే రీస్టోర్ చేద్దామనుకున్నాను. బ్యాకప్ నిజంగా పనికొస్తుందో లేదో తేలేది అప్పుడే కదా. పాత మిషన్‌ను మాత్రం ఆపలేదు.

రీస్టోర్ రూట్‌గానే, అంటే సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్‌తోనే చేయాలి. మామూలు యూజర్‌గా చేస్తే ఫైళ్లన్నీ ఆ యూజర్ పేరు మీదే పడతాయి. చేశాక ఫైళ్ల లెక్క, సైజు రెండూ సరిపోయాయి. కానీ రూట్‌కి ఏదైనా తెరుచుకుంటుంది, దాన్నిబట్టి పర్మిషన్లు బాగున్నాయని చెప్పలేం. అందుకే అకౌంట్స్ చూసే అక్కను పిలిచాను.

"జీతాల ఫోల్డర్ ఒకసారి తెరవక్కా."

"రావట్లేదు తమ్ముడూ, పర్మిషన్ లేదంటోంది."

చూస్తే ఆ ఫోల్డర్ ట్రైనీ కుర్రాడి పేరు మీద ఉంది! లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఓనరు పేరు రాసుకోదు, ఆ యూజర్‌కి ఇచ్చిన యూఐడీ నంబరే రాసుకుంటుంది. పాత సర్వర్‌లో అక్క నంబరు 1003. కొత్తదాన్ని ఇన్‌స్టాల్ చేసినవాళ్లు యూజర్లను వేరే వరసలో పెట్టడంతో 1003 ట్రైనీకి పోయింది. ఆర్‌సింక్ డిస్కులో ఉన్న నంబరే తెచ్చిపెట్టింది. ఫైలు పోవడం కంటే ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఫైలు పోతే ఎవరో ఒకరు అడుగుతారు. చూడకూడనివాళ్లకి తెరుచుకుంటే అడిగేవాళ్లే ఉండరు.

కొత్త యూజర్లను తీసేసి, పాత సర్వర్‌లో యూజర్ల, గ్రూపుల నంబర్లుండే పాస్‌డబ్ల్యూడీ, గ్రూప్ ఫైళ్లు చూసుకుంటూ అవే నంబర్లతో మళ్లీ పెట్టాను.

ఆ తర్వాత డ్రాయింగుల ఫోల్డర్. పాత సర్వర్‌లో ఫైళ్ల జాబితా చూపే 'ఎల్ఎస్ -ఎల్' కమాండ్ కొడితే దాని పర్మిషన్ల చివర చిన్న ప్లస్ గుర్తు కనిపించేది. మామూలు పర్మిషన్లు కాక ఏసీఎల్ (ఒక్కొక్కరికి విడిగా ఇచ్చే పర్మిషన్ల జాబితా) కూడా ఉందని దాని అర్థం. కొందరు సైట్ ఇంజినీర్లకు విడిగా ఇచ్చిన యాక్సెస్ అంతా అందులోనే ఉంది. కొత్తదాంట్లో ఆ ప్లస్ లేదు. ఎప్పుడో రాసిన బ్యాకప్ స్క్రిప్టులో ఆర్‌సింక్‌కి ఇచ్చిన ఆప్షన్ చిన్న 'ఏ' (-a) ఒక్కటే ఉంది. అది ఓనరు, గ్రూపు, మామూలు పర్మిషన్లు తెస్తుందిగానీ ఏసీఎల్ తేదు. దానికి పెద్ద 'ఏ' (-A) కూడా ఇవ్వాలి. పాత మిషన్ నడుస్తోంది కాబట్టి గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌తో ఏసీఎల్‌లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లోకి తీసి, కొత్తదాంట్లో సెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌తో ఎక్కించాను. ఆ పాత మిషన్ పాడైపోయి ఉంటే, ఎవరికి ఏ ఫోల్డర్ ఇచ్చామో ఒక్కొక్కరినీ అడిగి రాసుకోవాల్సి వచ్చేది.

ఈసారి అక్కకు ఫోల్డర్ తెరుచుకుంది. ట్రైనీ లాగిన్‌తోనూ చూశాం, రాలేదు. స్క్రిప్టులో పెద్ద 'ఏ' చేర్చాను. యూజర్ల, గ్రూపుల ఫైళ్లు కూడా రోజూ బ్యాకప్‌లోకి వెళ్తున్నాయి.

అయితే ఈ పర్మిషన్లన్నీ సర్వర్ మాట వినేవాళ్లకే. బ్యాకప్ డిస్కు ఊడదీసి వేరే లినక్స్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే, అక్కడ రూట్ ఎవరో వాళ్లకి అన్నీ కనిపిస్తాయి. ఆ మాట చెప్పి, డిస్కును లక్స్‌తో (లినక్స్‌లో డిస్కుకు పాస్‌ఫ్రేజ్‌తో తాళం వేసే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చేద్దామని సారును అడిగాను. సరేనన్నారు. పాస్‌ఫ్రేజ్ నా దగ్గరే కాకుండా ఆయన దగ్గర కూడా ఉంచాం.