టంగ్‌మర్గ్ దాటాకే అసలు ప్రయాణం

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరు కశ్మీర్ కొండల్లోని గుల్మార్గ్ పేరెత్తినా మొదట అడిగేది ఒకటే: శ్రీనగర్‌కి ఫ్లైట్ ఎంత పడింది? నన్నడిగితే అది ఆఖరున చూసుకోవాల్సిన సంగతి. ముందు గండోలా, అంటే అక్కడ కొండెక్కించే కేబుల్ కారు, టికెట్లు ఉన్నాయో లేదో చూడండి. అవి ఆన్‌లైన్‌లో తేదీల వారీగా ఇస్తారు, సీజన్‌లో చాలా ముందే అయిపోతాయి. ఆ తర్వాత గుల్మార్గ్‌లోనే గది. ఆ రెండూ కుదిరాకే ఫ్లైట్. శ్రీనగర్‌లో దిగి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామనుకునే వాళ్లకి నా సలహా ఏమీ లేదు. మంచు పడితే వాళ్ల రోజంతా కారులోనే పోతుంది.

మేం జనవరిలో వెళ్లాం. నేను, మా ఆవిడ, పాప, కడప నుంచి వచ్చిన మా అమ్మ. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు అక్కడ చలికి నడిమధ్య కాలం, చిల్లై కలాన్ అంటారు. స్కీయింగ్‌కి మంచు కావాలంటే ఆ రోజుల్లోనో, ఫిబ్రవరిలోనో పోవాల్సిందే. ఢిల్లీలో ఫ్లైట్ మారే పనైతే రెండూ ఒకే టికెట్ మీద ఉండాలి. జనవరి పొగమంచులో అక్కడ పొద్దుటి ఫ్లైట్ల సంగతి తెలిసిందే కదా. మా బామ్మర్ది మాత్రం రైలే అంటాడు. 2025 జూన్ నుంచి వైష్ణోదేవి కొండ కింది కట్రా నుంచి శ్రీనగర్‌కి వందేభారత్ నడుస్తోంది, చీనాబ్ మీద 359 మీటర్ల ఎత్తున వంతెన దాటుతుంది. చూడాలని నాకూ ఉంది. కానీ బెంగళూరు నుంచి కట్రా చేరేసరికే సాఫ్ట్‌వేర్ వాడి సెలవులు సగం కరిగిపోతాయి.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ 50 కిలోమీటర్లు. కొండ కింద ఉన్న టంగ్‌మర్గ్ ఊరి దాకా మామూలు రోడ్డే. మిగిలిన 13 కిలోమీటర్ల ఘాట్‌రోడ్డు దగ్గరే మొత్తం కథ. మంచు పడ్డ రోజుల్లో టైర్లకి గొలుసులు లేని బండిని పోలీసులు పైకి వదలరు. శ్రీనగర్ టాక్సీ అక్కడే ఆగిపోతుంది, మనం లోకల్ సుమోలోకి మారాలి. ఆ ఖర్చు వేరే. పైకి వదలడానికి మాత్రమేనా, తిరిగి దించడానికి కూడానా అన్నది బండెక్కకముందే తేల్చుకోండి.

మా సుమో డ్రైవర్ గొలుసుని మంచు మీద బారుగా పరిచి, దాని మీదికి టైరు ఎక్కేలా బండిని కొద్దిగా వెనక్కి తీశాడు. రెండు కొసలూ పైకి లాగి కొక్కెం తగిలించాడు. ఊడకుండా రబ్బరు ట్యూబు ముక్కతో బిగించాడు. చేతులకి గ్లౌజులు లేవు. మా అమ్మ అదంతా వంగి మరీ చూసి, "ఏంరా, బండికి కూడా పట్టీలు కడతారా?" అంది. తర్వాత కడప ఉర్దూలో అతన్ని ఇంటి సంగతులు అడగడం మొదలుపెట్టింది. వాళ్లూ మనలాగే రోజూ అన్నమే తింటారని తెలిశాక కశ్మీర్ మీద ఆమెకి నమ్మకం కుదిరింది.

గమ్‌బూట్లు, కోట్లు టంగ్‌మర్గ్‌లోనే అద్దెకిస్తారు. సైజు ఒక్కటే చూస్తే చాలదు. బూటు లోపలికి వేళ్లదాకా చెయ్యి పెట్టి చూడండి. నిన్న వేసుకున్నవాళ్ల తడి ఇంకా ఆరకపోతే ఇంకో జత అడగండి, మొహమాటం వద్దు.

గుల్మార్గ్ అంటే 2,650 మీటర్ల ఎత్తున ఒక పెద్ద పచ్చికమైదానం, చలికాలంలో మొత్తం తెలుపే. టాక్సీ స్టాండు నుంచి గండోలాకి దాదాపు కిలోమీటరు. ఆ కిలోమీటరులోనే స్లెడ్జ్ వాళ్లు, గుర్రాల వాళ్లు, గైడ్లు చుట్టూ మూగుతారు. టికెట్ చేతిలో ఉంటే గండోలాకి గైడ్ అవసరం లేదు. మోకాళ్ల నొప్పులని అమ్మని స్లెడ్జ్ మీద కూర్చోబెట్టాం. నాలుగు చెక్కల బండి, ముందు తాడు పట్టుకుని ఒక నడివయసు మనిషి. పది అడుగులు లాగాడో లేదో, "నక్కో భాయ్, నక్కో" అని దిగిపోయింది. మనిషి చేత లాగించుకోవడం ఆమెకి మనసొప్పలేదు. చివరికి అతని భుజం పట్టుకుని నడిచింది, ఖాళీ స్లెడ్జ్ వెనకాల వచ్చింది. మాట్లాడుకున్న డబ్బులు మొత్తం ఇచ్చాం. దారంతా మంచులో అడుగు ఎలా వెయ్యాలో అతనే చెప్పాడు: ముందు మడమ ఆనించి, చిన్న చిన్న అడుగులు.

గండోలా పెట్టెలో ఆరుగురు పడతారు. స్టేషన్‌లో అది ఆగదు, నెమ్మదిస్తుందంతే. పెద్దవాళ్లు ఉంటే ముందు వాళ్లని ఎక్కించి వెనక మీరు ఎక్కండి. మొదటి దశ కాంగ్‌డోరి వరకు, రెండోది అఫర్వట్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా. బీపీ ఉన్న అమ్మకి కాంగ్‌డోరి చాలనుకున్నాం. పైన గాలి పెరిగితే రెండో దశ ఆపేస్తారు, మేమున్న రోజూ అంతే. ఒక్క పూట కోసం వచ్చినవాళ్ల మొహాలు చూడాలి! మాకు మర్నాడు ఉంది.

కొత్తగా స్కీయింగ్ నేర్చుకునేవాళ్లకి అసలు గండోలా అక్కర్లేదు. కింద వాలు తక్కువున్న చోటే నేర్పిస్తారు. స్కీ బూట్లలో చీలమండ కదలదు. అవి తొడుక్కుని నడవడమే పాపకి మొదటి పాఠమైంది. బూట్లు, స్కీలు, కర్రలు, నేర్పేవాడు అన్నీ కలిపి ఎంతో ఒకే మాట మీద మాట్లాడుకోండి.

ఇంకో సంగతి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. ఇంట్లో ఒక్కరికైనా అది ఉండాలి. ఫోన్‌పే నమ్ముకోకుండా చేతిలో నోట్లు ఉంచుకోండి. గది బుక్ చేసేటప్పుడు కరెంటు పోతే వెచ్చదనం దేనితో అని తప్పకుండా అడగండి. బుఖారీ, అంటే కట్టెలో బొగ్గులో వేసి గది వెచ్చబెట్టే పొయ్యి, ఉందంటే సరే. ఎలక్ట్రిక్ దుప్పటి ఒక్కటే అంటే ఇంకో హోటల్ చూసుకోండి.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి, మంచుకి ఫ్లైట్లు రద్దవుతుంటాయి. శ్రీనగర్ ఎయిర్‌పోర్టులో టెర్మినల్‌కి చాలా ముందే, గేటు దగ్గరే అందర్నీ దించి సామాన్లన్నీ స్కాన్ చేస్తారు. మళ్లీ ఎక్కించుకుని వెళ్లాక లోపల ఇంకో తనిఖీ. మధ్యాహ్నం 3 గంటల ఫ్లైట్ అయితే గుల్మార్గ్‌లో పొద్దున 8కే బండెక్కాలి. గొలుసులు కట్టే టైము కూడా అందులోనే.