టిఫిన్ తిన్న రెండు గంటలకు

ఫిబ్రవరి, కర్నూలు

పొద్దున ఏడింటికే ల్యాబ్ ముందు బెంచీలు నిండిపోయాయి. షుగర్ పరీక్షకు పరగడుపున రక్తం ఇచ్చి వెళ్ళినవాళ్ళు టిఫిన్ తిని రెండు గంటలయ్యాక మళ్ళీ వస్తారు. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా నాకు తల ఎత్తే తీరిక ఉండదు. బూడిదరంగు మూత ట్యూబుల స్టాండు పక్కన పెట్టుకుని కూచుంటాను. ఆ ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే బయటికి తీసిన రక్తంలో కూడా కణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి, మిషన్‌లో పెట్టేలోపు అంకె తగ్గిపోతుంది.

రెండోసారి వచ్చినవాళ్ళను సూది గుచ్చే ముందు "ఏం తిన్నారు?" అని అడుగుతాను. ఫారంలో దానికి గడి లేదు, రిపోర్టులో ఆ మాట ఉండదు. అయినా అడుగుతాను. ఏళ్ళ తరబడి ఆ జవాబులు వింటూ, కాసేపటికి వచ్చే అంకెలు చూస్తూ ఉంటే ఏ టిఫిన్‌కు ఎంత వస్తుందో కొంత అంచనా పట్టుబడింది.

ఈ రోజు కోడుమూరు దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేయి చాపి, "ఏం తిన్యాను మ్మా, పరీక్ష ఉండాదని ఒక బన్నూ, టీ. అంతే" అన్నాడు.

"రోజూ అంతేనా నాయనా?"

"రోజూ యాడ! ఇంట్లో అయితే పొద్దున్నే అన్నం తింటా. అది తింటే ఎక్కువ చూపిస్తాదని తిన్ల్యా."

ఇట్లా చేసేవాళ్ళు చాలామంది. పరీక్ష రోజు ఒక్కరోజు తక్కువ తిని వస్తే కాగితం మీద అంకె బాగానే ఉంటుంది. డాక్టరు అది చూసి మందు రాస్తారు. మిగతా రోజులన్నీ ఒంట్లో నడిచేది వేరే. రోజూ తినేదే తినాలి, రోజూ వేసుకునే మాత్ర వేసుకోవాలి, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి రెండు గంటలు లెక్కపెట్టుకుని రావాలి. ఆయనకు అదే చెప్పాను. తల ఊపాడు.

మాటల్లో ఆయన పప్పుశనగ రైతని తెలిసింది. కోతలు అయ్యాయా అంటే, మిషన్ ఊళ్ళోకి వచ్చింది, మా చేను వంతు ఇంకా రాలేదన్నాడు. మరి ఇంట్లో శనగలు తింటారా అని అడిగాను. "గుగ్గిళ్ళా? అవి దసరాకు, దేవునికి పెట్టేటప్పుడు. పంటంతా అమ్ముకోడానికే కదా మ్మా."

ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. కర్నూలు, నంద్యాల, అనంతపురం నల్లరేగళ్ళలో అక్టోబరులో విత్తి, నేలలో మిగిలిన తేమతోనూ మంచుతోనూ ఈ శనగ పండిస్తారు. నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్ళు మిషన్ కోతకు వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 రకం కూడా తీసుకొచ్చారు. ఇంత పండే చోట, షుగర్ పరీక్షకు వచ్చే మనిషి పళ్ళెంలో శనగ గింజ కనపడేది పండగకే.

నేను డాక్టర్ను కాను, డీఎంఎల్‌టీ అనే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదివినదాన్ని. కానీ తిన్న తర్వాతి అంకె ఎందుకు పెరుగుతుందన్నది నా చేతుల మీదుగా రోజూ పోయే విషయం. అందుకే దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను.

ఉడికిన శనగ గింజ ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూడండి. తోలు జారి వేరుగా వస్తుంది. లోపలి బద్ద పొడిపొడిగా విడిపోతుంది, అన్నం మెతుకులాగా జిగురుగా అంటుకోదు. ఆ పొడిలో చాలావరకు పగలని కణాలే. ఒక్కో కణం చుట్టూ పీచుతో కట్టిన గోడ, దాని లోపల మూట కట్టి పెట్టినట్టు పిండి పదార్థం. ఉడికించినా ఆ మూట అంత సులువుగా విప్పుకోదు. పేగుల్లోని ఎంజైములు గోడ దాటి లోపలికి పోయి పిండిని చక్కెరగా మార్చేసరికి చాలా సేపు పడుతుంది. దానికి తోడు పప్పుధాన్యాల పిండిలో నెమ్మదిగా అరిగే అమైలోజ్ అనే రకం వంతు ఎక్కువ. నీళ్ళలో జిగటగా మారే పీచు ఆహారాన్ని కడుపులోంచి తొందరగా కిందికి పోనివ్వదు. మాంసకృత్తులు ఎండు గింజ బరువులో దాదాపు ఐదో వంతు. ఇవన్నీ కలిస్తే చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా పడకుండా కొంచెం కొంచెంగా దిగుతుంది.

1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్, తోటి పరిశోధకులు గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలత తెచ్చారు. ఏ తిండి రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో గ్లూకోజ్‌తో పోల్చి చెప్పే అంకె అది. 2008లో వచ్చిన అంతర్జాతీయ పట్టికలో ఉడికిన తెల్లన్నం సగటున 73, శనగలు 28, మసూరపప్పు 32. అయితే ఈ అంకెలు ఒక్కో తిండినీ విడిగా కొలిచినవి. మన పళ్ళెంలో అన్నం, పప్పు, నెయ్యి, పచ్చడి అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి దేని వంతు ఎంత అన్నదాన్ని బట్టే ఫలితం.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఆ బృందమే 1982లో చెప్పిన ఇంకో సంగతి. పొద్దున మసూరపప్పు తిన్నవాళ్ళకు ఆ పూటే కాదు, మధ్యాహ్నం వేరే భోజనం చేశాక కూడా చక్కెర తక్కువ పెరిగింది. పొద్దున తిన్నది మధ్యాహ్నం దాకా నెమ్మదిగా అరుగుతూ ఉండటం ఒక కారణం. చిన్నపేగులో అరగకుండా మిగిలిన పిండీ పీచూ పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టినప్పుడు వచ్చే ఆమ్లాలు ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడతాయన్నది ఇంకో కారణం. రాత్రి తిన్నదాని మేలు మర్నాడు పొద్దున్నే కనిపించిన పరిశోధనలు కూడా తర్వాత వచ్చాయి.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అత్త గ్లూకోమీటరు బల్ల మీద పెట్టుకుని, పొద్దున టిఫిన్ అయ్యాక చూసుకున్న అంకెను నోటుబుక్కులో రాస్తూ ఉంది. సంక్రాంతి తర్వాతి నుంచి మా ఇంట్లో పొద్దున ఒక మార్పు చేశాము. ముందు ఒక గిన్నెడు అలసందల గుగ్గిళ్ళో శనగ గుగ్గిళ్ళో తింటుంది, ఆ తర్వాతే రెండు ఇడ్లీలు. అంతకు ముందు ఇడ్లీలే కడుపు నిండా తినేది. అప్పుడు రెండు గంటలకు 200 దాటేది, ఇప్పుడు 170కి అటూ ఇటూ ఉంటోంది. ఇడ్లీలు కూడా తగ్గాయి కాబట్టి అంతా గుగ్గిళ్ళ చలవే అనలేను. కానీ ఇడ్లీలు తగ్గినా ఆమె ఆకలి అనకుండా ఉందంటే, అది మాత్రం గుగ్గిళ్ళ పనే.

ఆకలి సంగతే అసలు చెప్పుకోవాలి. ముందు పదకొండు కాగానే, "కడుపులో కాలిపోతాంది మ్మే" అని బొరుగుల డబ్బానో బిస్కెట్ల ప్యాకెట్టో తీసేది. అంతసేపు ఎక్కిన చక్కెర జారేటప్పుడు పుట్టే ఆకలి అది. ఆ టైంలో తిన్న నాలుగు బిస్కెట్లు ఏ లెక్కలోకీ రావు, ఏ డాక్టరుకూ ఎవరూ చెప్పరు. ఇప్పుడు ఒంటిగంట దాకా ఆ ఊసే లేదు. గింజలు నమలడానికే టైం పడుతుంది, కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పేగుల నుంచి జీఎల్‌పీ-1, పీవైవై లాంటి హార్మోన్లు మెదడుకు చాలు అని కబురు పంపుతాయి.

అయితే ఒక విషయం గమనించాను. మధ్యాహ్నం భోజనంలో ఆమె ముందు ఎంత తినేదో ఇప్పుడూ అంతే తింటోంది. ఇది మా అత్త ఒక్కదాని సంగతి కాదు. పప్పుధాన్యాలు, ఆకలి మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2014లో లెక్క చూసినప్పుడు కడుపు నిండిన భావన 31 శాతం ఎక్కువగా తేలింది, కానీ తర్వాతి పూట తినేది తగ్గినట్టు తేలలేదు. కాబట్టి గుగ్గిళ్ళు తిన్నాం కదా, ఇక అన్నం దానంతట అదే తగ్గుతుందని కూచుంటే కుదరదు. అన్నం కొలత మనమే చూసుకోవాలి. గుగ్గిళ్ళు ఆ కొలతకు కట్టుబడటాన్ని సులువు చేస్తాయి, ఆ పదకొండు గంటల బిస్కెట్లను ఆపుతాయి. నాకైతే ఆ రెండూ చాలా పెద్ద సంగతులు.

"మనం రోజూ పప్పు తింటానే ఉన్నాం కదా, ఇంకేం కొత్త?" అని మొదట్లో అత్త అడిగింది. చాలామంది అడిగేది కూడా ఇదే. ఈ రోజు మధ్యాహ్నం చుక్కాకు పప్పు చేశాను. గరిటెతో పోస్తే పళ్ళెంలో పారేట్టు ఉంటుంది మా ఇంట్లో పప్పు. నలుగురికి గ్లాసుడు కందిబ్యాళ్ళు కూడా పడవు, మిగతాదంతా ఆకూ నీళ్ళూ పులుపూ. దాన్ని గుట్ట అన్నంలో కలిపితే పప్పన్నం అంటాం కానీ, పళ్ళెంలో ఉన్నది పప్పు రుచి తగిలిన అన్నమే.

అందుకే ఈ నెల కిరాణా చీటీ ముందు పెట్టుకుని లెక్క వేశాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే భోజనపు పళ్ళెంలో, రోజుకు 2000 కిలోక్యాలరీలు తినేవాళ్ళకు పప్పుధాన్యాలు 85 గ్రాములు. ఉడికినవి కాదు, ఎండు గింజల బరువు. కోడిగుడ్డో మాంసమో తినేవాళ్ళు అందులో కొంత తగ్గించుకోవచ్చు. ఆ లెక్కన మా నలుగురికి నెలకు పది కిలోలు కావాలి. మా చీటీలో కందిబ్యాళ్ళు రెండు కిలోలు, ఇడ్లీ దోసెకు మినపబ్యాళ్ళు రెండు, పెసరబ్యాళ్ళు అర కిలో, పొడికీ తిరగవాతకూ పుట్నాలు, శనగబ్యాళ్ళు కొంచెం. ఎంత కూడినా ఐదు దాటలేదు. బియ్యం మాత్రం మూట. ఖర్చు మాట నిజమే, బ్యాళ్ళు బియ్యం కంటే ప్రియం. కానీ పొట్టుతో ఉన్న అలసందలూ పెసలూ శనగలూ కందిబ్యాళ్ళ కన్నా చాలాసార్లు తక్కువకే వస్తాయి, ఉడికితే రెండింతలకు పైగా పొంగుతాయి.

సాయంత్రం సి.క్యాంపు రైతుబజారుకు పోయాను. బయట పచ్చిశనగ కట్టలు కుప్పలు పోసుకుని కూచున్నారు. ఒక కట్ట తీసుకుని ఇంటికి వచ్చి ఒలిచాం. కాయ మీది నూగు వేళ్ళకు అంటుకుని జిగటగా అవుతుంది, నాలికకు తగిలితే పుల్లగా ఉంటుంది. చెట్టు స్వయంగా వదిలే పులుపు అది. కాయకు రెండు గింజలు, ఒక్కోదాంట్లో ఒకటే. మావాడు ఒలిచిన గింజ ఒలిచినట్టు నోట్లో వేసుకున్నాడు, గిన్నెలోకి పడింది తక్కువే.

ఉగ్గాని బజ్జీ తినేవాళ్ళు, "బజ్జీ శనగపిండే కదా మేడం" అంటుంటారు ల్యాబ్‌లో. పిండి మెత్తగా ఆడించినప్పుడు ఆ కణాల గోడలు చాలా పగిలిపోతాయి. గింజకు ఉన్న బలం పిండికి అంతగా ఉండదు, పైగా నూనె. రాగిసంగటి మీద కూడా ఇట్లాంటి నమ్మకమే ఉంది. రాగులు మంచివే, కాల్షియం బాగా ఉంటుంది. కానీ పిండి చేసి మెత్తగా ఉడికించిన ముద్ద చక్కెరను తక్కువేమీ పెంచదు. పక్కన గట్టి పప్పో అలసందల కూరో బాగా ఉంటేనే, ముద్ద చిన్నదైతేనే మేలు. జొన్నరొట్టెలోకి గట్టి అలసందల కూర తినే అలవాటు అత్త పుట్టింట్లో, ఆలూరు దిక్కు ఉండేదట. పళ్ళెంలో రొట్టె ఒకటి, కూర రెండు గరిటెలు. నాకు నచ్చిన కొలత అదే.

ఎవరికైనా చెప్పేటప్పుడు నేను కొన్ని జాగ్రత్తలు కూడా చెప్తాను. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు ఒక్కసారిగా అన్నం సగం చేస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి, మీటరుతో చూసుకుంటూ మార్చుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మాంసకృత్తులు, పొటాషియం లెక్క వేరు, వాళ్ళు అడగకుండా పెంచకూడదు. గ్యాస్ పట్టేవాళ్ళు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో ఉడికించి, మొదట్లో గుప్పెడుతో మొదలుపెడితే కొన్నాళ్ళకు కడుపు అలవాటు పడుతుంది.

రాత్రి మార్చి చీటీ రాశాను. అలసందలు రెండు కిలోలు, ఎర్రశనగలు రెండు, పొట్టు పెసలు ఒకటి, ఉలవలు ఒకటి, కందిబ్యాళ్ళు మూడు. బియ్యం ఐదు కిలోలు తగ్గించాను. అత్త అద్దాలు పెట్టుకుని చదివి, ఎండలకు వేడి చేస్తాయని ఉలవలు కొట్టేసి, పెసలు రెండు చేసింది.