డీవీసీ వేసి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవడం: నా అనుభవం

ముందు పోలీసు కేసు పెడితేనే గృహహింస చట్టం, 2005 కింద కోర్టుకెళ్లొచ్చని నేనూ అనుకునేదాన్ని. అక్కర్లేదు. మేజిస్ట్రేటు కోర్టులో నేరుగా డీవీసీ, అంటే గృహహింస కేసు, వేయొచ్చు. అత్తారి ఊళ్లోనే వేయాలని కూడా లేదు, తాత్కాలికంగా తలదాచుకున్న చోటైనా సరే. లాయరుకి డబ్బు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది. ఆడవాళ్లకి ఆదాయ పరిమితి చూడరు.

ప్రొటెక్షన్ ఆఫీసరు (ఈ చట్టం కింద బాధితులకి సాయపడే అధికారి) రాసే డీఐఆర్, అంటే జరిగిన హింస మీద నివేదిక, ఉంటే మంచిదే. ఆలస్యమైతే దానికోసం ఆగకండి. అది లేకున్నా ఉత్తర్వు ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

అందరూ ఫారం 2 (అసలు దరఖాస్తు) మీద పడతారు గానీ, తొలిరోజు పని చేసేది ఫారం 3. మధ్యంతర ఉత్తర్వు కోసం వేసే అఫిడవిట్ అది. అవతలివాళ్లు హాజరు కాకముందే సెక్షన్ 23 కింద ఉత్తర్వు కావాలంటే మేజిస్ట్రేటు ముందుండేది ఆ కాగితమే. నా మొదటి డ్రాఫ్టులో "తరచూ కొట్టి హింసించేవాడు" అని ఉంది. ఎవరి అఫిడవిట్‌లోనైనా ఉండే వాక్యమే కదా! అది తీసేయించి పేరాకో సంఘటన రాయించాను: తేదీ, వేళ, తలుపు గడియ ఎవరు వేశారు, వాచింది ఏ మణికట్టు, ఏ ఆసుపత్రి చీటీ.

కోర్టుని అడిగే కోరికలూ అంతే విడివిడిగా ఉండాలి. "వేధించకూడదు" అంటే చాలదు. నేను పనిచేసే చోటికి, పిల్లల బడికి రాకూడదు. ఫోను, మెసేజీ, బంధువుల చేత కబురు కూడదు. జాయింటు ఖాతా, లాకరు ముట్టకూడదు. ఇవన్నీ సెక్షన్ 18లో ఉన్నవే, కానీ అడగనిది ఉత్తర్వులోకి రావడం అరుదు.

మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో అని చట్టంలో ఉంది. ఆ లెక్క నమ్ముకుని కూర్చోకూడదు. బండి ఆగేది ఎక్కువగా అవతలివాళ్లకి నోటీసు అందే దగ్గరే. "డోర్ లాక్" అని తిరిగొస్తే ఇంకో వాయిదా. అందుకే ఇంటి చిరునామాతో పాటు భర్త పనిచేసే చోటు, ఫోను నంబరు మొదటే ఇచ్చేయాలి.

ఉత్తర్వు కాపీకి డబ్బు కట్టనక్కర్లేదు. స్టేషనుకీ కోర్టే పంపాలి. అయినా నేనొకటి పట్టుకెళ్లి ఇచ్చి, నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కుగా రాదు. ఆ ఫిర్యాదులో ఉత్తర్వులోని ఏ పేరాను దాటాడో నంబరు వేసి రాయండి.