మూడో ఆకు

మా ఊళ్ళో గడ్డి అంటే గట్టు మీద దానంతటది మొలిచేది. కోసుకొచ్చి గేదె ముందు పడేస్తే పనైపోయినట్టే. న్యూజిలాండ్‌ వైకాటో ప్రాంతంలో ఒక డెయిరీ ఫామ్‌లో చేరిన మొదటి వారంలోనే మా మేనేజర్ నన్ను పాడక్‌లో, అంటే కంచె వేసిన మేత పొలం ముక్కలో, గొంతుక్కూర్చోబెట్టి, ఒక పిలక పీకి చేతికిచ్చి "ఆకులు లెక్కపెట్టు" అన్నాడు.

అది పెరెన్నియల్ రైగ్రాస్. మొదలు కాస్త ఎర్రగా ఉంటుంది, ఆకు వెనక వైపు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. పిలకకు ఒకసారికి మూడు ఆకులే బతికుంటాయి. నాలుగోది వచ్చిందంటే మొదటిది ఎండిపోతుంది. అందుకే రెండో ఆకు దాటాక, మూడోది పూర్తిగా విచ్చుకునేలోపు ఆవుల్ని తోలాలి. ఒక్క ఆకు మీదే మేపితే మొదలు దగ్గర దాచుకున్న చక్కెర ఖర్చయిపోయి పిలక నీరసిస్తుంది. ఆలస్యం చేస్తే కింది ఆకు వృథా. వసంతంలో వారం పది రోజులకో ఆకు వస్తుంది. చలికాలంలో ఒక్క ఆకుకే మూడు వారాలు దాటిపోతుంది. ఆవులన్నీ జూలై, ఆగస్టుల్లో దాదాపు ఒకేసారి ఈనేదీ ఇందుకే. సెప్టెంబరుకల్లా ఇక్కడ వసంతం వచ్చి గడ్డి ఊపందుకుంటుంది, పాలూ అప్పుడే కావాలి.

ఆ మొదటి ఆగస్టులోనే తప్పు చేశాను. రాత్రంతా వాన. అలాంటి రోజు ఆవుల్ని రెండు మూడు గంటలు మేపి, సిమెంటు యార్డులోకి తెచ్చేయాలి. నేను దూడలకు పాలు పట్టే పనిలో పడి మర్చిపోయాను. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే అది పాడక్‌లా లేదు, దమ్ము చేసిన మడిలా ఉంది! మన వరికి దమ్ము చేయకపోతే కుదరదు, ఈ గడ్డికి అదే చావు. గిట్టల కింద మట్టి అణిగి వేళ్ళకు గాలాడదు, పిలకలు బురదలో పూడిపోతాయి. మేనేజర్ అరవలేదు. అరిచినా బాగుండేది. వసంతంలో చుట్టూ పచ్చగా లేస్తుంటే ఆ ముక్కలో మాత్రం కలుపే ఎక్కువ. రోజూ పొద్దున నాలుగున్నరకి ఆవుల కోసం దాని పక్క నుంచే వెళ్ళేవాణ్ణి.

ఇవన్నీ ఫోన్లో నాన్నకి చెప్తుంటే "గడ్డికి ఇంత చదువా?" అనేవాడు. రైగ్రాస్‌తో పాటు తెల్ల క్లోవర్ చల్లుతారని, దాని వేళ్ళ బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతాయని చెప్తే మాత్రం వెంటనే అందుకున్నాడు. "మన పిల్లిపెసరలాగానన్నమాట." యూరియా లాంటి ఎరువుల్లో నత్రజని మేత పొలానికి హెక్టారుకు ఏడాదికి 190 కిలోలు దాటకూడదని 2021లో నిబంధన పెట్టారని చెప్పాను. ఆయన ఎకరాలూ బస్తాలూ వేసుకుని, "ఎకరాకు మూడున్నర బస్తాల యూరియా పైనేగా, ఇంకేం కావాలి" అన్నాడు.

ఫిబ్రవరి ఎండల్లో ఒక ఆవు తూలుతూ కనిపించింది. తల వణుకుతోంది, కాళ్ళు బిగుసుకున్నాయి. నేను గుండె చేతపట్టుకుని "పాము కరిచింది" అని పరిగెత్తాను. ఈ దేశంలో పాములే లేవని అప్పుడే తెలిసింది! ఫామ్ మొత్తం ఒక వారం నవ్వింది. అసలు సంగతేంటంటే, పాత రకం రైగ్రాస్ లోపల ఒక బూజు కాపురముంటుంది. పురుగుల నుంచి గడ్డిని కాపాడేది అదే, ఆవుల్ని తూలించే విషాన్ని తయారుచేసేదీ అదే. ఆ విషం గడ్డి మొదలు దగ్గర ఎక్కువ. ఎండకు గడ్డి తగ్గి ఆవులు మట్టిదాకా కొరికినప్పుడు పట్టుకుంటుంది. కదిలించకుండా గడ్డి మార్చి మేపితే కుదుటపడింది. ఇప్పుడు పురుగుల్ని ఆపుతూనే పశువుకు అంత హాని చేయని బూజు ఉన్న విత్తనాలు దొరుకుతున్నాయి, కొత్త పాడక్‌లలో అవే వేస్తున్నాం.

ఈ కథంతా విని నాన్న, "ఆ మంచి రకం నాలుగు గింజలు కవర్లో పెట్టి పంపరా" అన్నాడు.

"బతకదు నాన్నా. నేల ఐదు డిగ్రీలకు తగ్గితే పెరగడం మానేస్తుంది, పద్దెనిమిది దాకా హాయిగా పెరుగుతుంది, ముప్పై అంటే ముడుచుకుంటుంది. మన గరికకి పూర్తిగా రివర్సు."

"సంక్రాంతికి వేస్తే?"

"సంక్రాంతికి మొలుస్తుంది, ఉగాది దాటితే ఎండు పరకలే. అయినా విత్తనాలు అలా పోస్టులో పంపకూడదు, పర్మిటు కావాలి, తెగుళ్ళు లేవని సర్టిఫికెట్ కావాలి."

"గడ్డికి సర్టిఫికెట్టా!" అని ఫోను అమ్మకిచ్చేశాడు.