డొక్కలు లెక్కపెట్టాకే సూది

విశాఖ ఉక్కలో మధ్యాహ్నం పూట మేక రొప్పుతుంటే జబ్బని చెప్పలేం. తెల్లవారుజామున, మంద లేవకముందు చూడాలి. పడుకున్న జీవం వెనక కాస్త ఎడంగా నిలబడి, డొక్క ఎన్నిసార్లు ఎగిరిందో అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. గొర్రెకి నిమిషానికి 12 నుంచి 20, మేకకి 15 నుంచి 30 మామూలు. ఆ చల్లటి వేళ కూడా 40 దాటి, థర్మామీటరు 104 ఫారన్‌హీట్ పైన చూపిస్తే అనుమానం ఊపిరితిత్తుల మీదే. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

కళ్లలో పుసులు, ముక్కున చీమిడి, చిగుళ్ల మీద తవుడు అద్దినట్టు పొర, రెండు మూడు రోజులకి పారుడు: ఇది పీపీఆర్, అంటే మేకలకి, గొర్రెలకి వచ్చే ప్లేగు. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు, పైన చేరే న్యుమోనియాని మాత్రం ఆపుతుంది. మేకలు వరసగా పడిపోతూ, పక్కన గొర్రెలు హాయిగా మేస్తుంటే మైకోప్లాస్మా అనే, ఊపిరితిత్తుల్ని పట్టే సూక్ష్మజీవి అనుకోవాలి. పెన్సిలిన్ సూక్ష్మజీవి గోడ మీద పనిచేసే మందు. మైకోప్లాస్మాకి ఆ గోడే లేదు, ఎన్ని సూదులేసినా దండగ. డాక్టరు లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్ రాస్తే, మిల్లీలీటరుకి 200 మిల్లీగ్రాములున్న సీసా నుంచి 10 కిలోలకి 1 మిల్లీలీటరు, కండలోకి. 25 కిలోల మేకకి రెండున్నర. కంటితో బరువు అంచనా వేయకండి, కాటా మీద తూయండి.

న్యుమోనియాతో చచ్చిన జీవాన్ని కోసినప్పుడు ఊపిరితిత్తుల ముందు, కింది భాగాలు కార్జంలా గట్టిపడి ఉంటాయి. ముక్క నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. అయితే ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్ల రక్తం కారుతుంటే కత్తి పెట్టొద్దు, దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు.

మన చేతులారా తెచ్చే న్యుమోనియా ఇంకోటి ఉంది. నట్టల మందు తాగించేటప్పుడు మూతి ఆకాశానికి ఎత్తి గబగబా పోస్తారు, మందు గొంతులో దారి తప్పుతుంది. మూతి కంటి మట్టానికి మించి లేవకూడదు. నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా, మింగాక మళ్లీ. దగ్గిందా, వెంటనే తల వదిలేయండి. అన్నిటికన్నా నూనె ప్రమాదం: గొంతులో జారిపోతుంది, దగ్గు కూడా రాదు.

తుఫాను వస్తోందనగానే భీమిలి వైపు సాలల చుట్టూ టార్పాలిన్ బిగించేస్తారు. వాన బయటే ఆగుతుంది, కానీ ఉచ్చ ఘాటు లోపలే నిలుస్తుంది. మేక తల ఎత్తుకి వంగి ఒక నిమిషం ఊపిరి పీల్చండి, కళ్లు మండితే వాటికీ అంతే. చూరు కింద అడుగు మేర తెరిచి ఉంచాలి.

పీపీఆర్ టీకా మూడు నెలలు దాటిన పిల్లల నుంచి, చర్మం కింద 1 మిల్లీలీటరు, మూడేళ్లు కాస్తుంది. కలిపిన సీసాని ఐసు మీద ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి. మిగిలింది పారబోయండి, రేపటి మందకి దాచొద్దు.